కాలనీ హాల్లో తుగ్లక్‌ని ఆడించాలంటే

ప్రశ్న: నేను విద్యానగర్‌లో ఉంటున్న విశ్రాంత తెలుగు అధ్యాపకురాలిని. మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున ఒక చిన్న గ్రంథాలయాన్ని చూసుకుంటున్నాను. 1972లో నాగభూషణం గారు నటించిన ‘మహమ్మద్ బిన్ తుగ్లక్’ చిత్రాన్ని చిన్నతనంలో మా నాన్నగారి పక్కన కూర్చుని చూశాను. మాకు నవ్వు ఎందుకో అర్థం కాకపోయినా, నాన్నగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ సినిమాను ఒక ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో అందరికీ ఉచితంగా చూపించాలని నా కోరిక. అధ్యక్షులవారు “డబ్బు తీసుకోవడం లేదు కదమ్మా, ఎవరినీ అడగక్కర్లేదు, యూట్యూబులో ఉంటే పెట్టేద్దాం” అంటున్నారు. కార్యదర్శి గారేమో రాజకీయం మనకెందుకని, పెట్టక తప్పదంటే ఇబ్బందికరమైన మాటలు తీసేసి చూపిద్దామని అంటున్నారు. ఈలోగా రాబోయే ఎన్నికల్లో కార్పొరేటర్ టికెట్ ఆశిస్తున్న మా వీధి పెద్దమనిషి ఒకరు ఖర్చంతా తానే భరిస్తానని, తెర పక్కన ఒక ఫ్లెక్సీ, సినిమాకు ముందు పది నిమిషాలు మైకు ఇస్తే చాలని కబురు పెట్టారు. మా మనవడు “అమ్మమ్మా, ఆ సినిమాకి ఎవరూ రారు” అని తేల్చేశాడు. నన్నేం చేయమంటారు?

సమాధానం: మీ చుట్టూ నలుగురు నాలుగు మాటలు చెప్పారు. వాటిలో మీ మనవడి మాట ఒక్కటే కొంతవరకు నిజం. మిగిలిన ముగ్గురిలో ఎవరి మాట విన్నా మీరు కోరుకున్న సాయంత్రం మీకు దక్కదు.

టికెట్ లేకపోతే అనుమతి అక్కర్లేదనే నమ్మకం మన కాలనీల్లో చాలా పాతది. వినాయక చవితి పందిళ్ల దగ్గర వీధికి అడ్డంగా తెల్లగుడ్డ కట్టి, అద్దెకు తెచ్చిన పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టర్‌తో సినిమాలు వేసిన రోజుల నుంచి వచ్చిందది. తెరకు ఇవతల చోటు దొరకనివాళ్లు అవతలికి వెళ్లి కూర్చుని, అద్దంలో చూసినట్టు తిరగబడిన టైటిళ్లను, ఎడమచేత్తో తాళికట్టే కథానాయకుణ్ణి చూసి కూడా తృప్తిగా ఇంటికి పోయేవారు. అప్పట్లో ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదన్నది నిజమే కానీ, అడగక్కర్లేదని చట్టం ఎప్పుడూ చెప్పలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం సినిమాను ప్రజలకు ప్రదర్శించే హక్కు దాని యజమానిది; చూసేవాళ్లు డబ్బిచ్చారా లేదా అన్న ప్రశ్న అక్కడ రానే రాదు. మీ అధ్యక్షులవారి లాంటి వారు సాధారణంగా అదే చట్టంలోని 52వ సెక్షన్‌ను మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు. ఔత్సాహిక సంఘాలు టికెట్ లేకుండా వేసే ప్రదర్శనలకు అందులో మినహాయింపు ఉన్నమాట వాస్తవమే. అయితే ఆ మినహాయింపు సాహిత్యానికి, నాటకానికి, సంగీతానికి ఇచ్చారే గాని సినిమాకు ఇవ్వలేదు. అంటే మీ కాలనీ పిల్లలు ఒక నాటకాన్ని నేర్చుకుని ఉచితంగా ఆడితే ఒక లెక్క, అదే కథను తెర మీద వేస్తే మరో లెక్క. విద్యాసంస్థలకు సినిమా విషయంలోనూ వెసులుబాటు ఉంది కానీ, అది కూడా ప్రేక్షకులు ఆ సంస్థ విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధమున్నవారు మాత్రమే అయినప్పుడే వర్తిస్తుంది. మీరు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి ఉండవచ్చు గాని, మీ గ్రంథాలయం ఆ లెక్కలోకి రాదు. మనది కాని దాన్ని మనం ఉచితంగా పంచడం అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే అవుతుంది.

సినిమా హక్కు ఎంతకాలం ఉంటుందన్న లెక్క సులువే. చిత్రం విడుదలైన ఏడాది ముగిసి, తర్వాతి జనవరి 1 మొదలు 60 ఏళ్లు. ఆ ప్రకారం 1972 చిత్రానికి 2032 డిసెంబరు 31 దాకా యజమాని ఉంటారు. యూట్యూబులో దొరికినంత మాత్రాన ఇది మారదు. ఆ సంస్థ నిబంధనల్లోనే, వీడియోలను వ్యక్తిగతంగా చూసుకోవాలే తప్ప బహిరంగంగా ప్రదర్శించరాదని స్పష్టంగా రాసి ఉంది. మీ ఇంట్లో టీవీ ముందు మనవడితో, ఇరుగుపొరుగుతో కూర్చుని చూసుకోవడం వేరు, నోటీసు బోర్డు మీద కాగితం అంటించి హాల్లో వేయడం వేరు. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల నుంచి రెండు లక్షల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. లాభాపేక్ష లేనిచోట తగ్గించే అధికారమూ న్యాయస్థానానికి ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు, మీ అధ్యక్షులవారికి చూపించడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

మరి ఎవరిని అడగాలి? ఇక్కడే అసలు చిక్కు. మన పాత చిత్రాల హక్కులు ఒకే చేతిలో ఉండటం అరుదు. నెగటివ్ హక్కు ఒకరిది, టీవీల కోసం అమ్మిన శాటిలైట్ హక్కు ఇంకొకరిది, ఇంటర్నెట్ హక్కు మరొకరిది అయి, నిర్మాత వారసులకు ఏది మిగిలిందో వారికే తెలియని పరిస్థితి ఉంటుంది. టైటిళ్లలో కనిపించే నిర్మాణ సంస్థ పేరును రాసుకుని ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్‌లో విచారించడం మొదటి మెట్టు. ఇంటర్నెట్‌లో ఆ చిత్రాన్ని పెట్టిన కంపెనీ ఏదైనా ఉంటే వారికి రాయడం రెండోది. రాసేటప్పుడు “అనుమతి ఇవ్వగలరు” అని ఊరుకోకుండా, “ఉచిత ప్రదర్శనకు అనుమతి ఇచ్చే హక్కు మీ దగ్గర ఉందా” అని తప్పనిసరిగా అడగండి. ఈ ప్రశ్న అడగక నేనొకసారి దెబ్బతిన్నాను. ఒక సంస్థ సంతోషంగా ఇచ్చిన ఉత్తరాన్ని పట్టుకుని కరపత్రాలు వేయించి, కుర్చీలు తెప్పించాక, ముందురోజు రాత్రి నిర్మాత బంధువు ఫోన్ చేసి ఆ సంస్థకు టీవీ హక్కులు తప్ప ఏమీ లేవన్నారు. ఆయన కోప్పడలేదు, అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణే, ఇప్పుడు మాత్రం కుదరదని అన్నారంతే. మరునాడు వచ్చినవాళ్లకు టీ ఇచ్చి, ఆ సినిమా గురించి మాట్లాడి పంపించాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని అప్పుడు అనుకున్నాను గాని, తప్పు నాదే.

మీ ఉత్తరంలో చిత్రం పేరు, ఏడాది, తేదీ, హాలులో పట్టే మంది, ఒకే ఒక్క ఆట, టికెట్ గాని హుండీ గాని లేవన్న మాట, సినిమాను రికార్డు చేయనివ్వమన్న హామీ, ప్రతి మీ దగ్గర ఉందా లేక వారే ఇవ్వాలా అన్న సంగతి ఉండాలి. చిన్న రుసుము అడిగితే ఇచ్చేయండి, బేరమాడవద్దు. నెల రోజులు ఆగండి. జవాబు రాకపోతే దాన్ని సమ్మతిగా తీసుకోకండి. ఆ దశలో పుణెలో ఉన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి చూడటం కూడా మంచిదే. 1964లో ఏర్పడిన ఆ సంస్థ ఫిల్మ్ సొసైటీలకు చిత్రాలు అందించే పని ఎన్నో ఏళ్లుగా చేస్తోంది.

ఎంత తిరిగినా అనుమతి దొరకకపోతే మీ కోరికను వదిలేయనక్కర్లేదు, ఏడాదిని వెనక్కి జరపండి. 1957లో కె.బి.తిలక్ గారు జగ్గయ్య, సావిత్రి గార్లతో తీసిన ‘ఎం.ఎల్.ఏ.’కు పైన చెప్పిన లెక్క ప్రకారం 2017 చివరితో గడువు తీరింది. అది తుగ్లక్ లాగా ఆసాంతం హాస్యం కాదు. కానీ ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని అయిన మరుసటి ఏడాది వచ్చిన రాజకీయ చిత్రం, పైగా ఘంటసాల, జానకి గార్లు ఈ నగరాన్ని ఊరంతా తిప్పి చూపిస్తున్నట్టు పాడిన పాట అందులో ఉంది. ఆ పాట వచ్చినప్పుడు మీ హాల్లో పెద్దవాళ్లు ఒక్కొక్క చోటునూ గుర్తుపట్టి పక్కవాళ్లకు చెప్పుకోవడం నేను ఇక్కడి నుంచే ఊహించగలను. సినిమా వచ్చిన పదేళ్లకు, 1967లో, జగ్గయ్య గారు ఒంగోలు నుంచి నిజంగానే లోక్‌సభకు ఎన్నికయ్యారన్న సంగతి చెబితే కుర్రవాళ్లు కూడా తల ఎత్తుతారు. హక్కు తీరిన చిత్రానికైనా ప్రతి మాత్రం సక్రమంగా కొన్న డిస్కు అయి ఉండాలి. యూట్యూబు నిబంధన దానికీ వర్తిస్తుంది.

ఇక కార్యదర్శి గారి కత్తెర. సెన్సారు సర్టిఫికెట్ పొందిన సినిమాలో ఆ తర్వాత ఎవరు మార్పు చేసి ప్రదర్శించినా 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద నేరమే. 2023 సవరణతో సర్టిఫికెట్లకు కాలపరిమితి లేదని చట్టంలోనే రాశారు కాబట్టి, 1972 నాటి సర్టిఫికెట్ పాతబడిందన్న వాదనా నిలవదు. సినిమా మొదట్లో వచ్చే ఆ సర్టిఫికెట్ దృశ్యాన్ని దాటవేయకుండా వేయండి, కార్యదర్శి గారికి అదే ధైర్యం. చట్టం మాట పక్కన పెట్టినా, ఈ చిత్రంలో ఇబ్బందికరమైన మాటలు తీసేయడమంటే చింతపండు తీసేసి పులిహోర పెట్టడమే.

ఆయన భయంలో న్యాయమైన భాగం ఒకటుంది, అది స్థలానికి సంబంధించింది. సినిమాలు ప్రదర్శించే చోటుకు లైసెన్సు ఉండాలన్న 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం మన రాష్ట్రంలో అమల్లో ఉంది. సంఘం హాలు లోపల జరిగే ఆటే అయినా తేదీ, సమయం, చిత్రం పేరు రాసి పోలీస్ స్టేషన్‌లో ముందుగా ఇచ్చి, వారేమంటారో కనుక్కోండి. పార్కులోనో వీధిలోనో తెర కట్టే ఆలోచన ఉంటే మానుకోండి. ఇదంతా తలకు మించిన పని అనిపిస్తే, చిత్రాన్ని మీ హాలుకు తెచ్చే బదులు మీవాళ్లనే వేరే చోటికి తీసుకెళ్లవచ్చు. మీకు దగ్గర్లోనే బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేరిట ప్రివ్యూ థియేటర్ ఉంది, బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. ప్రదర్శనలు నడిపిన అనుభవం ఉన్నవారు అక్కడ దొరుకుతారు, సలహాకైనా పనికొస్తారు. ఎక్కడ వేసినా హక్కుదారుడి అనుమతి మాత్రం కావలసిందే.

టికెట్ ఆశిస్తున్న పెద్దమనిషి విషయంలో నేను కాస్త కఠినంగా మాట్లాడతాను, మన్నించండి. ‘తుగ్లక్’ అనేది మనకు ఇప్పుడు మనిషి పేరు కాదు, తిట్టు. ఏ రోజు పేపరు తిరగేసినా ఏదో ఒక పార్టీ ఇంకో పార్టీ నిర్ణయాన్ని తుగ్లక్ చర్య అంటూనే ఉంటుంది. నిన్న అన్నవారు ఇవాళ అనిపించుకుంటారు. అలాంటి పేరున్న సినిమాకు ముందు ఒక రాజకీయ నాయకుడికి పది నిమిషాలు మైకు ఇస్తే, ఆ తర్వాత రెండున్నర గంటల పాటు హాల్లో పుట్టే ప్రతి నవ్వూ ఆయన ఖాతాలో పడుతుంది. ఎదుటి పార్టీని అభిమానించే కుటుంబాలు మధ్యలో లేచి వెళ్లిపోతాయి, లేదా చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చుంటాయి. ఈ చిత్రం ఒక పార్టీని కాదు, పదవి కనిపించగానే వరస కట్టేవాళ్లందరినీ వెక్కిరించేది. దాన్ని ఒకరి చేతికి ఇస్తే సినిమా చచ్చిపోతుంది. చట్టపరంగా చూసినా, పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటల్లో ఎన్నికల ఫలితాన్ని ప్రభావితం చేసే ఉద్దేశంతో ఏ విషయాన్నైనా సినిమా ద్వారా ప్రజలకు చూపడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ నిషేధిస్తోంది. మీకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు గాని, పక్కన ఫ్లెక్సీ ఉంటే మీ ఉద్దేశాన్ని ఎవరు నమ్ముతారు? కార్పొరేషన్ ఎన్నికలైనా, శాసనసభ ఎన్నికలైనా, నోటిఫికేషన్ వెలువడితే ఆటను ఎన్నికలయ్యే దాకా వాయిదా వేయండి.

ఆయనకు ‘వద్దు’ అని మీరు ముఖం మీద చెప్పనవసరం లేదు. గ్రంథాలయ కార్యక్రమాలకు ఏ వ్యక్తి నుంచీ, ఏ పార్టీ నుంచీ ఖర్చు తీసుకోకూడదని, వేదిక మీద ఎవరి బ్యానరూ ఉండకూడదని సంఘం సమావేశంలో ముందుగా ఒక తీర్మానం రాయించండి. ఆ తర్వాత ఆయన ఇంటికి వెళ్లి, “తీర్మానం అందరికీ ఒకటేనండీ, మీరు మాత్రం కుటుంబంతో సహా తప్పకుండా రావాలి” అని పిలవండి. ఇంటికి వచ్చి పిలిచారన్న మర్యాద దక్కితే మన పెద్దమనుషులు సగం కోపం మరచిపోతారు. ప్రొజెక్టర్, స్పీకర్ల అద్దె, టీ ఖర్చు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. గ్రంథాలయ చందాల్లోంచి పెట్టుకోండి.

పోస్టర్ గురించి ఒక్క మాట. పేరులో ‘మహమ్మద్’ ఉంది కాబట్టి ఆ పేరును వెటకారపు బొమ్మలతో, చమత్కారపు వ్యాఖ్యలతో అలంకరించకండి. నాగభూషణం గారి బొమ్మ, ఏడాది, ‘రాజకీయ హాస్య చిత్రం’ అన్న మూడు ముక్కలు చాలు. కాలనీలోని ముస్లిం కుటుంబాలను కూడా మీరే స్వయంగా వెళ్లి పిలిస్తే, ఇది మతం మీద కాదు, పదవుల మీద తీసిన సినిమా అని మీ నోటితోనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ మనవడి దగ్గరికి వద్దాం. అతనన్నది సగం నిజమని ఎందుకన్నానంటే, ఈ హాస్యానికి తాళంచెవి ఆనాటి వార్తల్లో ఉంది, ఆ వార్తలు ఇప్పటి పిల్లలకు తెలియవు. తమిళ రచయిత, నటుడు చో రామస్వామి ఈ కథను 1968లో తమిళంలో నాటకంగా ఆడారు, 1971లో సినిమాగా తీశారు, మరుసటి ఏడాది అది తెలుగుకు వచ్చింది. ‘రక్తకన్నీరు’ నాటకాన్ని ఊరూరా ఆడి, వ్యంగ్యాన్ని నాలుక చివర పెట్టుకున్న నాగభూషణం గారికి ఆ పాత్ర దక్కడంలో ఆశ్చర్యం లేదు. తమిళ మాతృకలో తుగ్లక్ ప్రధానమంత్రి అయి, తన వైపు ఫిరాయించి వచ్చిన ఎంపీలందరికీ ఉపప్రధాని పదవులు పంచిపెడతాడు. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ రోజుల వ్యవధిలో పార్టీ మీద పార్టీ మారి ‘ఆయారాం గయారాం’ అన్న మాట పుట్టించాడని, ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 దాకా రాలేదని, 1967 నుంచి 1969 వరకు మొరార్జీ దేశాయ్ ఉపప్రధానిగా ఉన్నారని తెలిసినవాడు ఆ దృశ్యానికి పడీపడీ నవ్వుతాడు. తెలియనివాడు ఇంతమంది ఉపప్రధానులేమిటని తెల్లముఖం వేస్తాడు. అలాగే భాషా సమస్యకు పరిష్కారంగా తుగ్లక్ పారశీకాన్ని తెచ్చి పెట్టడం, 1965లో మద్రాసు రాష్ట్రంలో హిందీకి వ్యతిరేకంగా రేగిన ఆందోళన తెలిస్తేనే నవ్విస్తుంది.

అసలు తుగ్లక్ గురించి కూడా నాలుగు మాటలు కావాలి. 1325 నుంచి 1351 వరకు ఢిల్లీని ఏలిన సుల్తాను, 1327లో రాజధానిని దేవగిరికి మార్చినవాడు, వెండి నాణేలకు బదులు రాగి, ఇత్తడి నాణేలు చెలామణీలోకి తెచ్చి ఖజానాను గుల్ల చేసుకున్నవాడు అని బడి పుస్తకాల్లో ఉంటుంది. సినిమాలో అతని వెంట వచ్చే ఇబన్ బటూటా నిజంగానే ఆ సుల్తాను కొలువులో ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు. మనవాళ్లకు మరింత దగ్గరి సంగతి ఇంకొకటుంది. 1323లో ఉలుగ్ ఖాన్ పేరుతో ఓరుగల్లు కోటను పట్టుకుని కాకతీయుల పాలనకు తెరదించింది ఈ మనిషే, అప్పటికి యువరాజు. ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి, వరంగల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు మీ హాల్లో ఎందరున్నారో అప్పుడే తెలుస్తుంది.

ఈ పరిచయం ఐదు నిమిషాలు దాటకూడదు, మీరు మాట్లాడకూడదు. అధ్యాపకులకు ఐదు నిమిషాలు చాలవని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ మనవడికి ఈ సంగతులన్నీ వారం ముందుగా చెప్పి, అతని మాటల్లో అతన్నే చెప్పమనండి. ఎవరూ రారన్న కుర్రవాడు మైకు పట్టుకుంటున్నాడంటే, వినడానికి కాకపోయినా ఏడిపించడానికైనా అతని స్నేహితులు వస్తారు. వచ్చినవాళ్లు కూర్చుంటారు.

చివరిగా శబ్దం, బొమ్మ. పాటల సినిమాకు మాట సరిగా వినపడకపోయినా నడుస్తుంది గాని, మాటల సినిమాకు నడవదు. కాలనీ హాళ్లలో గ్రానైటు నేల, ఖాళీ గోడలు, పైన గిరగిరలాడే ఫ్యాన్లు కలిసి ప్రతి మాటనూ రెండుసార్లు వినిపిస్తాయి. టెంట్ హౌస్ నుంచి కుర్చీలతో పాటు జంపఖానాలు కూడా తెప్పించి, నేల మీద పరచగా మిగిలినవాటిని వెనక గోడకు వేలాడదీయండి. పిల్లలను కుర్చీల ముందు ఆ జంపఖానాల మీద కూర్చోబెట్టండి. ఒకే పెద్ద స్పీకరును తెర పక్కన పెట్టి చెవులు చిల్లులు పడేలా పెంచడం కంటే, చిన్న స్పీకర్లు నాలుగు తెచ్చి హాలు పొడవునా తక్కువ ధ్వనితో పెట్టించడం మేలు. ముందురోజు హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక దృశ్యం వేసి, చివరి వరసలో కూర్చుని మాటలు కాగితం మీద రాసుకోగలుగుతున్నారేమో చూసుకోండి. బొమ్మ విషయంలో ప్రొజెక్టర్ కుర్రవాడితో ఒక చిన్న యుద్ధం తప్పదు. తెలుగులో వెడల్పు బొమ్మ సినిమాస్కోప్ వచ్చింది 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో, 1972 నాటి బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది. తెర నిండలేదని ఆ అబ్బాయి బొమ్మను అడ్డంగా సాగదీస్తాడు, నాగభూషణం గారు పొట్టిగా, లావుగా అయిపోతారు. పక్కన నల్లగా మిగిలినా ఫర్వాలేదని ముందే గట్టిగా చెప్పండి. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే మధ్యలో టీకి పావుగంట పోయినా రాత్రి పదిలోపు అంతా ముగుస్తుంది, పొరుగువాళ్ల నిద్రకు అడ్డు రాదు.

మరొక్క సంగతి. ఈ కథ ముగింపు మీకు గుర్తుండే ఉంటుంది, మాతృక నాటకంలో అది నవ్వించే ముగింపు కాదు. చూడబోయేవాళ్ల కోసం దాన్ని ఇక్కడ రాయను, మీ మనవడిని కూడా పరిచయంలో చెప్పవద్దనండి. మన హాళ్లలో ఆఖరి దృశ్యం ఇంకా నడుస్తుండగానే ఎవరో ఒకరు లేచి లైట్లు వేస్తారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చే చప్పుడు మొదలవుతుంది. నమ్మకమైన మనిషినొకరిని స్విచ్ బోర్డు దగ్గర నిలబెట్టి, తెర పూర్తిగా చీకటి అయ్యాక నెమ్మదిగా అరవై దాకా లెక్కపెట్టి, ఆ తర్వాతే లైట్లు వేయమని చెప్పండి.